మీటరు లేని రీడింగు

కొర్లయ్యకి సున్నా వేసిన కాగితం మీద సంతకం నాదే. ఆ ముక్క ముందే చెప్పేస్తే తర్వాత తప్పించుకోవాల్సిన పని ఉండదు.

నేను గంధంవలస కరెంటు సబ్‌స్టేషన్‌లో అసిస్టెంట్ ఇంజనీరుని. నా కింద ముగ్గురు ఆపరేటర్లు, పదకొండు మంది లైన్‌మన్లు పనిచేస్తారు. రెండు ట్రాన్స్‌ఫార్మర్లు కూడా ఉన్నాయి గానీ అవి నా మాట వినవు. కొర్లయ్య మాట వింటాయి.

బగాది కొర్లయ్య మా ఆపరేటర్లలో పెద్దవాడు. యాభై రెండేళ్ళుంటాయి. కంట్రోల్ రూములో ఫోన్ పక్కన కూర్చోవడం అతని ఉద్యోగం. కరెంటు పని తెలియనివాళ్ళ కోసం ఒక్క సంగతి చెప్పాలి. లైన్‌మన్లు స్తంభం ఎక్కే ముందు మాకు ఫోన్ చేస్తారు. ఆపరేటరు ఆ లైనుకి కరెంటు ఆపేసి, ఎక్కండి అంటాడు. దీన్ని లైన్ క్లియర్ ఇవ్వడం అంటాం. పని అయ్యాక వాళ్ళు మళ్ళీ ఫోన్ చేసి లైన్ క్లియర్ వాపసు ఇస్తారు. అప్పుడు ఆపరేటరు హ్యాండిల్ తిప్పుతాడు, లైన్లోకి కరెంటు వెళ్తుంది. మధ్యలో ఏ పొరపాటు జరిగినా దిద్దుకోవడానికి మనిషి మిగలడు.

కొర్లయ్య ఫోన్లో మాట్లాడే మాటలు మొత్తం కలిపి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "సెప్పు." "మళ్ళీ సెప్పు." "ఎంతమంది ఎక్కుతన్నారు? పేర్లు సెప్పు." ఆ పేర్లు బడిపిల్లల పలక మీద బలపంతో రాసి, ఆ పలకని తీసుకెళ్ళి హ్యాండిల్‌కే తగిలిస్తాడు. పలక తియ్యకుండా హ్యాండిల్ తిరగదు. పని అయిందని ఫోన్ రాగానే, "ఎంతమంది దిగేరు? పేర్లు సెప్పు" అంటాడు. ఒక్కో పేరూ విని, ఒక్కో పేరూ బొటనవేలితో చెరిపి, పలక ఖాళీ అయ్యాకే దాన్ని తీస్తాడు. నమస్కారం లేదు, బాగున్నావా లేదు, ఉంటాను లేదు. టక్కున పెట్టేస్తాడు.

ఈ పలక వెనక ఒక కథ ఉంది. కొర్లయ్య ఆపరేటరు కాకముందు వేరే చోట కాంట్రాక్టు కూలీగా స్తంభాలెక్కేవాడు. ఒకరోజు నలుగురు ఎక్కారు, ముగ్గురు దిగారు. లైన్ క్లియర్ వాపసు వెళ్ళిపోయింది. అవతల ఎవరూ ఏమీ అడగలేదు. దిగిన ముగ్గురిలో కొర్లయ్య ఒకడు. దిగని మనిషి పేరు తవిటయ్య, కొర్లయ్యకి చిన్నాన్న కొడుకు. ఇది కొర్లయ్య నాకు చెప్పలేదు, లైన్‌మన్లు చెప్పారు. పందొమ్మిదేళ్ళుగా గంధంవలసలో కొర్లయ్య షిఫ్టులో ఎవరికీ వేలు కూడా కాలలేదు.

ఇక మా సంస్థ ఈ పరిస్థితిని ఎలా చక్కదిద్దిందో చెబుతాను.

అంతా ఒక సర్వేతో మొదలైంది. ఉద్యోగులు పనిలో ఎంత మమేకమై ఉన్నారో తెలుసుకుందామని పైవాళ్ళు ఇరవై ప్రశ్నలున్న ఫారం పంపించారు. "పనిచేసే చోట మీకు ప్రాణస్నేహితుడు ఉన్నాడా?" "గత వారంలో మిమ్మల్ని ఎవరైనా మనసారా మెచ్చుకున్నారా?" ఇలాంటివి. మావాళ్ళకి ఫారాలు నింపడంలో ముప్ఫయ్యేళ్ళ అనుభవం ఉంది. అర్థం కాని గడిలో "వర్తించదు" అని రాస్తారు. అర్థమై, ఏం రాస్తే ఏమొస్తుందో అని భయం పుట్టించే గడిలో కూడా "వర్తించదు" అనే రాస్తారు. నూటికి తొంభై నాలుగు మంది ప్రాణస్నేహితుడు వర్తించడు అని రాసి పంపించారు.

హెడ్డాఫీసులో గుండెలు జారిపోయాయి. పదిహేను రోజుల్లో సహానుభూతి విభాగం పుట్టింది. మా దగ్గర ఏ కొత్త ఆలోచనకైనా ఒక సూపరింటెండింగ్ ఇంజనీరు, ఒక జీపు, ఒక సర్క్యులరు ఉండాలి. సూపరింటెండింగ్ ఇంజనీరు (సహానుభూతి) గా దశిక చిదంబరం గారిని వేశారు. అంతకుముందు ఆయన ట్రాన్స్‌ఫార్మర్ నూనె పరీక్షించే లేబొరేటరీలో ఇరవై రెండేళ్ళు ఉన్నారు. అన్నేళ్ళు మనుషులతో మాట్లాడకుండా గడిపిన అధికారి కాబట్టి ఎవరి మీదా పక్షపాతం ఉండదని ఆయన్నే ఎంపిక చేశారట.

మొదటి సర్క్యులరు ఇలా వచ్చింది. "తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ప్రతి ఉద్యోగియు తన సహోద్యోగి యెడల ఆత్మీయత కలిగి యుండవలెను. ఆత్మీయత కలుగని యెడల అందులకు గల కారణములను మూడు పని దినములలోగా మూడు ప్రతులలో సమర్పించవలెను. దీనిని అత్యంత జరూరుగా భావించవలెను."

నేను జరూరుగానే భావించి నోటీసు బోర్డుకి అంటించాను. లైన్‌మన్ లక్ష్మునాయుడు దాన్ని పైనుంచి కిందకి రెండుసార్లు చదివాడు. నలభై ఆరేళ్ళ మనిషి, స్తంభాల పనిలో గ్యాంగుకి పెద్ద.

"ఏటి బాబూ ఇది? గవరయ్యంటే నాకిష్టవే గానీ మూడు కాపీలంత నేదు" అన్నాడు.

గవరయ్య అతని గ్యాంగులోవాడే. పక్కనే ఉండి, "నాకైతే ఒక్క కాపీ కూడా నేదు మావా" అన్నాడు. ఇద్దరూ నవ్వుకుంటూ నిచ్చెన మోసుకుపోయారు. ఆ నవ్వుని ఎక్కడ నమోదు చెయ్యాలో సర్క్యులరులో లేదు కాబట్టి నేను నమోదు చెయ్యలేదు.

రెండో సర్క్యులరుతో లాగ్ షీట్ మారింది. సబ్‌స్టేషన్‌లో గంట గంటకీ రీడింగులు రాయాలి. వోల్టేజీ ఎంత, లోడు ఎంత, ట్రాన్స్‌ఫార్మర్ నూనె వేడి ఎంత అని. ఇప్పుడు వాటి పక్కన కొత్త గడి వచ్చింది. "విధి నిర్వహణలో నున్న ఉద్యోగి ఉద్వేగ స్థాయి, సున్నా నుంచి పది వరకు." ఆనందానికి ఒక అంకె, కోపానికి ఒక అంకె. కోపం ఏడు దాటితే, లోడెక్కువై తెగిపోయిన లైనులాగా ఆ ఉద్యోగి ట్రిప్ అయినట్టు లెక్క. ముప్ఫై నిమిషాలు విడిగా కూర్చోబెట్టి, చల్లారాక మళ్ళీ చార్జ్ చెయ్యాలి. ఇదంతా చిదంబరం గారు ఎంతో శ్రద్ధగా గ్రాఫు గీసి మరీ పంపించారు.

నిజం చెప్పొద్దూ, మాలో చాలామందికి ఒక పాడు అలవాటు ఉంది. షిఫ్టు మొదట్లోనే ఎనిమిది గంటల రీడింగులూ ఒకేసారి రాసేసి కాళ్ళు చాపుకుంటాం. నూనె వేడి యాభై రెండు, యాభై రెండు, యాభై మూడు. మధ్యలో ఒకటి మారిస్తే నమ్మకంగా ఉంటుంది. అదే పద్ధతిలో ఆనందం కూడా రాయడం మొదలెట్టాం. ఎనిమిది, ఎనిమిది, ఏడు, ఎనిమిది. మా కొత్త ఆపరేటరు హిమతేజ చురుకైనవాడు, వారం ఆనందం సోమవారం పొద్దున్నే రాసేసేవాడు. బుధవారం నాడు అతను బండి మీంచి పడి ఆసుపత్రిలో ఉన్న గంటల్లో కూడా లాగ్ షీట్‌లో ఆనందం ఎనిమిది ఉంది. హెడ్డాఫీసు నుంచి అభినందన పత్రం వచ్చింది. ప్రతికూల పరిస్థితుల్లోనూ స్థిరత్వం చూపించాడట.

కొర్లయ్య మాత్రం గంట గంటకీ ఎండలో ట్రాన్స్‌ఫార్మర్లున్న యార్డులోకి నడిచి, కళ్ళజోడు సవరించుకుని నూనె వేడి చూసి వచ్చి రాస్తాడు. ఉద్వేగం గడి ఖాళీగా వదిలేశాడు. నేను పిలిచి అడిగాను.

"ఏదో ఒక అంకె వేసెయ్, కొర్లయ్యా. ఏముంది అందులో?"

"దీనికి మీటర్నేదు బాబూ."

"మీటరెందుకు, నీకు తెలుసు కదా నువ్వెలా ఉన్నావో!"

"మీటర్నేని రీడింగు నాను రాయను బాబూ" అన్నాడు. అని యార్డులోకి వెళ్ళిపోయాడు. రీడింగు వేళయింది మరి.

మూడో సర్క్యులరు లైన్ క్లియర్ మీద పడింది. ఫోన్ సంభాషణలు కర్కశంగా ఉన్నాయని సహానుభూతి విభాగం కనిపెట్టింది. వాళ్ళు అయిదు మెట్ల సంభాషణ తయారు చేశారు. పలకరింపు, మనసు వాకబు, ఓదార్పు, విషయం, కృతజ్ఞత. విషయం నాలుగో మెట్టు. అందులో రెండు వాక్యాల్ని పేరు పెట్టి నిషేధించారు. "'మళ్ళీ చెప్పు' అనుట అవతలి ఉద్యోగి మాట యందు అపనమ్మకము వ్యక్తపరచుట యగును. 'ఎంతమంది దిగారు, పేర్లు చెప్పు' అనుట పోలీసు విచారణను తలపించుచున్నది. కావున వీటిని విడనాడవలెను." హ్యాండిల్‌కి తగిలించే పలక నల్లగా ఉండి నిరాశ కలిగిస్తోందని దాని స్థానంలో పచ్చటి నవ్వు ముఖం అట్ట పంపించారు. దాని కింద "నవ్వండి" అని రాసి ఉంది. అట్టని హ్యాండిల్ పక్కన గోడకి అంటించాలి, హ్యాండిల్‌కి తగిలించకూడదు, తిప్పడానికి అడ్డమొస్తుందని.

కొర్లయ్య పలక తీసి సొరుగులో పెట్టుకున్నాడు. ఫోన్ మోగితే సొరుగు తెరిచి, రాసి, ఎవరూ చూడకుండా హ్యాండిల్‌కి తగిలించేవాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నేను చేసిన ఒకే ఒక మంచి పని అది, అది కూడా ఏమీ చెయ్యకపోవడమే.

ఫిబ్రవరిలో పరీక్షలొచ్చాయి. మార్చి ముప్ఫై ఒకటిలోపు పదికి ఆరు మార్కులు రానివాళ్ళని ఫోన్ దగ్గర్నుంచి తీసేస్తారు. చిదంబరం గారు తనకి తెలిసిన పద్ధతిలోనే పరీక్ష పెట్టారు. నూనె పరీక్ష ఎలా చేస్తారంటే, గిన్నెలో నూనె పోసి, రెండు లోహపు గుండ్ల మధ్య వోల్టేజీ కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతారు. ఎక్కడో ఒకచోట టప్పున నిప్పురవ్వ ఎగురుతుంది. ఆ అంకే నూనె బలం. మనిషి ఓర్పుకీ అదే పరీక్ష. ఎదురుగా ఒక ఉద్యోగిని కూర్చోబెడతారు. సారు గారి సహాయకుడు పది నుంచి అరవై దాకా అంకెలు వేసిన అవమానాలు వరసగా చదువుతాడు. ఉద్యోగి ఎక్కడ చిటపటలాడతాడో చూసి, తర్వాత ఎలా సర్దుకుంటాడో మార్కులు వేస్తారు.

నేను ఇరవై దగ్గరే భగ్గుమన్నాను. "మీ సబ్‌స్టేషన్‌లో పిచ్చిమొక్కలు మీకన్నా చురుగ్గా ఉన్నాయి" అన్నాడు వాడు. ఆ వెంటనే క్షమాపణ చెప్పుకున్నాను కాబట్టి ఆరున్నర వచ్చింది. హిమతేజ ముప్ఫై దగ్గర కళ్ళు మూసుకుని, "మీ మాట నన్ను బాధించింది, అయినా మీ భావాన్ని గౌరవిస్తున్నాను" అని శిక్షణ వీడియోలో చెప్పినట్టే చెప్పాడు. తొమ్మిది పాయింట్ ఎనిమిది. చిదంబరం గారు చప్పట్లు కొట్టారు.

కొర్లయ్య వచ్చి కూర్చున్నాడు. పది అయింది, ఇరవై అయింది, నలభై అయింది. సహాయకుడు అతని చొక్కాని, చదువుని, ముఖాన్ని, పుట్టిన ఊరిని వరసగా తిట్టాడు. అరవై దగ్గర కాగితం అయిపోయింది. చిదంబరం గారే రంగంలోకి దిగి సొంతంగా రెండు కల్పించారు. కొర్లయ్య గోడ గడియారం వంక చూశాడు.

"అయిపోనాదా బాబూ? రీడింగు టైమయింది" అన్నాడు. లేచి వెళ్ళాడు.

నేను ఉత్సాహం ఆపుకోలేకపోయాను. "అరవై దాటాడు సార్! జిల్లా మొత్తంలో ఎవరూ లేరు!"

చిదంబరం గారు నా వంక జాలిగా చూశారు. "ఏఈ గారూ, మీరు సాంకేతిక విద్య అభ్యసించినవారు. నిప్పురవ్వ పుట్టలేదంటే నూనె గొప్పదని కాదండీ. గిన్నెలో నూనే లేదని. నమూనా అందలేదు అని రాయండి. ఫలితం సున్నా."

"సార్, పందొమ్మిదేళ్ళుగా ఇతని షిఫ్టులో ఒక్క ప్రమాదం కూడా..."

"ప్రమాదం జరగకపోవడం భావోద్వేగం కాదు కదా!" అని కాగితం నా ముందుకి జరిపారు. నా ప్రమోషను ఫైలు ఆ నెలలో ఆయన గదిలోంచే వెళ్ళాలి. ఆ సంగతి ఆయనా అనలేదు, నేనూ అనలేదు. పెన్ను తీశాను. ఎందుకు తీశానో ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

బదిలీ ఉత్తర్వులు వచ్చేలోగా మా సబ్‌స్టేషన్‌లోనే ప్రదర్శన పెట్టారు. అయిదు మెట్ల సంభాషణతో లైన్ క్లియర్ ఎలా ఇస్తారో డైరెక్టరు గారికి కళ్ళకి కట్టినట్టు చూపించాలట. కంట్రోల్ రూములో సోఫాలు వేశారు, ఫోన్‌కి స్పీకరు తగిలించారు. హిమతేజ టై కట్టుకుని ఫోన్ దగ్గర కూర్చున్నాడు. కొర్లయ్యని వెనక మూల ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. చూసి నేర్చుకుంటాడని.

పదకొండు గంటలకి ఫోన్ మోగింది.

"లచ్చుమునాయుడ్ని బాబూ. తోటల కాడ లైనుకి క్లియరు కావాల. నలుగురం ఎక్కుతన్నాం" అన్నాడు స్పీకర్లోంచి. ఎవరూ అడగకపోయినా, పందొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ నలుగురని చెప్పాడు. వెనక మూల కొర్లయ్య చెయ్యి జేబులోకి వెళ్ళడం చూశాను. బలపం కోసమేమో. పలక సొరుగులో ఉంది, సొరుగు ముందు హిమతేజ కూర్చున్నాడు.

"నమస్తే లక్ష్మునాయుడు గారూ. ఈ క్షణంలో మీ మనసు ఎలా ఉంది?" అన్నాడు హిమతేజ.

"మనసేటి బాబూ, ఎండ దంచేస్తంది. లైనాపండి."

"మీ ఎండని నేను అర్థం చేసుకుంటున్నాను."

సోఫాల్లోంచి చప్పట్లు. ఓదార్పు అయింది, విషయం అయింది, కృతజ్ఞత అయింది. పదకొండు ఇరవైకి లైన్ ఆగింది. మా ఆఫీసు కూడా ఆ లైను మీదే ఉందని ఎవరూ గుర్తు చెయ్యలేదు. గదిలో ఏసీ ఆగిపోయింది. స్పీకరు ఒక్కటే బ్యాటరీ మీద నడుస్తోంది. డైరెక్టరు గారు మొదట రుమాలు తీశారు, తర్వాత పై గుండీ తీశారు. ముప్పావు గంట గడిచేసరికి చిదంబరం గారు నన్ను గిచ్చి, "త్వరగా కానివ్వమనండి, సహానుభూతితోనే" అన్నారు. నేను లక్ష్మునాయుడికి రెండుసార్లు ఫోన్ చేసి తొందరపెట్టాను. అదీ నేనే.

పన్నెండు దాటాక స్పీకరు పలికింది. "అయిపోనాది బాబూ. క్లియరు వాపసు తీసుకోండి."

"ధన్యవాదాలు లక్ష్మునాయుడు గారూ. పని పూర్తయినందుకు మీలో ఎలాంటి భావన కలుగుతోంది?"

లక్ష్మునాయుడు పాపం కాసేపు వెతుక్కున్నాడు. "హాయిగా ఉంది బాబూ."

"ఆ హాయిని నేను కూడా పంచుకుంటున్నాను." గది నిండా చప్పట్లు. డైరెక్టరు గారైతే ఏసీ వంక చూస్తూ కొట్టారు. హిమతేజ లేచి, గోడ మీద నవ్వుతున్న పచ్చ ముఖం పక్కన ఉన్న హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు.

"ఆగెహే!"

కొర్లయ్య గొంతు పైకి లేవడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. ప్లాస్టిక్ కుర్చీ పల్టీ కొట్టింది. రెండు సోఫాలు దాటి వచ్చి హిమతేజ మణికట్టు పట్టుకున్నాడు. అలాగే పట్టుకుని స్పీకరు వైపు వంగాడు.

"లచ్చుమునాయుడా. ఎంతమంది దిగేరు? పేర్లు సెప్పు."

"నాను... పోలయ్య... అప్పన్న..." అన్నాడు లక్ష్మునాయుడు. ఆగాడు. ఆ తర్వాత వినిపించిన కేక ఫోన్‌లోకి కాదు, తోటల వైపు. "ఒరే గవరయ్యా! గవరయ్యా! ఎక్కడున్నావురా!"

చాలా దూరం నుంచి, స్పీకర్లో బొద్దింక పాకినంత చిన్నగా, జవాబొచ్చింది. "పైనున్నాను మావా! చెట్ల ఎనక, మూడో తంబం మీద! ఇంకో బోల్టుంది!"

హిమతేజ ముఖం సున్నం కొట్టినట్టయింది. నేను సోఫా చేతి మీద కూలబడ్డాను. మూడో స్తంభం వాళ్ళు నిలబడ్డ చోటికి కనబడదు. రోజూ అడిగే మనిషి ఉన్నన్నాళ్ళు లక్ష్మునాయుడు ఫోన్ చేసే ముందే తలలు లెక్కపెట్టుకునేవాడు. ఆ రోజు అతన్ని హాయిగా ఉందా అని అడిగారు, పాపం దాని గురించే ఆలోచించుకున్నాడు.

అయిదు నిమిషాల తర్వాత నాలుగో పేరు చెప్పాడు లక్ష్మునాయుడు. చెబుతూ ఏడ్చేశాడు. కొర్లయ్య "సరే" అని హిమతేజ మణికట్టు వదిలాడు.

ఏసీ తిరిగింది. మొదట తేరుకున్నది చిదంబరం గారు. లాగ్ షీట్ తెప్పించుకుని, "కోపం తొమ్మిది. ట్రిప్" అని స్వహస్తాలతో రాశారు. కొర్లయ్యని ముప్ఫై నిమిషాలు బయట కూర్చోబెట్టారు. అతను యార్డులోకి వెళ్ళి నూనె వేడి చూసుకున్నాడు.

విచారణ నివేదిక నాలుగు రోజుల్లో వచ్చింది. "ప్రమాదము జరిగి యుండలేదు. జరగని ప్రమాదమును నివారించినట్లు నమోదు చేయుటకు ఫారములో గడి లేదు. అయితే శ్రీ బి. కొర్లయ్య, ఆపరేటరు, సౌహార్దపూర్వక సంభాషణకు అంతరాయము కలిగించుట, సహోద్యోగి మణికట్టును అతని అనుమతి లేకుండా పట్టుకొనుట, అతిథుల సమక్షమున కుర్చీని పడవేయుట రుజువైనవి." కొర్లయ్యని పక్క వీధిలో ఉన్న స్టోర్స్‌కి పంపేశారు. అక్కడ ఇన్సులేటర్లు, తీగ చుట్టలు లెక్క చూసుకోవాలి. సొరుగు తెరిచి పలక తీసుకుని, చంకలో పెట్టుకుని వెళ్ళాడు. "ఎల్తాను బాబూ" అన్నాడు నాతో.

మర్నాడు గవరయ్య నా గదిలోకి వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ నవ్వే మనిషి.

"బాబూ, నాకిద్దరు ఆడపిల్లలు. ఆ టై బాబు మంచోడే, కాదన్ను. గానీ కొర్లయ్యన్న 'సరే' అంటేనే నానెక్కుతాను. కాదంటే ఉజ్జోగం తీసెయ్యండి."

"కొర్లయ్య ఇక్కడ లేడు కదా గవరయ్యా!"

"స్టోర్సులో పోనుంది కదేటి?"

అలా మొదలైంది. లైన్‌మన్లు ముందు కంట్రోల్ రూముకి ఫోన్ చేసి మనసు సంగతులు చెప్పుకునేవారు, తర్వాత స్టోర్స్‌కి ఫోన్ చేసి పేర్లు చెప్పేవారు. దిగాక కూడా అంతే. హిమతేజ కూడా ఆ రోజు నుంచి తనంతట తాను హ్యాండిల్ తిప్పలేదు. అయిదో మెట్టు కృతజ్ఞత పూర్తవగానే అతనే రహస్యంగా స్టోర్స్‌కి ఫోన్ చేసి, "కొర్లయ్య గారూ, తిప్పమంటారా?" అని అడిగేవాడు. అవతల పలక ఖాళీ అయితే "సరే" అని వినిపించేది. నాకు అన్నీ తెలుసు. ఈసారి కూడా చూసీ చూడనట్టు ఊరుకున్నాను, కానీ ఈసారి స్టోర్స్ ఫోన్ పాడైతే నేనే పరిగెత్తుకెళ్ళి బాగుచేయించాను.

జూన్‌లో హెడ్డాఫీసువాళ్ళు ఫోన్ వివరాలు తీసి చూశారు. సంస్థ మొత్తంలో ఉద్యోగులు తమంతట తాము, ఎవరి బలవంతమూ లేకుండా, రోజుకి నలభైసార్లు ఫోన్ చేసే ఆఫీసు ఒక్కటే ఉందట. గంధంవలస స్టోర్స్. చిదంబరం గారు పొంగిపోయి జీపులో దిగారు. స్టోర్స్‌ని ఆదర్శ ఆత్మీయతా కేంద్రంగా ప్రకటించి, ఇన్సులేటర్ల మధ్య ఒక షీల్డు పెట్టి వెళ్ళారు. వాళ్ళంతా ఫోన్ చేసి ఏం మాట్లాడుకుంటున్నారని ఆయన అడగలేదు. అది ఫోన్ వివరాల్లో రాదు.

వారం తిరక్కుండా రెండు చిక్కులు వచ్చిపడ్డాయి. ఆదర్శ కేంద్రంలో సున్నా మార్కుల ఉద్యోగి ఉండకూడదు, నిబంధన అది. కాబట్టి కొర్లయ్యని అక్కడి నుంచి తీసెయ్యాలి. రెండోది, తొమ్మిది పాయింట్ ఎనిమిది వచ్చిన హిమతేజని రాష్ట్రం మొత్తానికి అయిదు మెట్లు నేర్పమని హెడ్డాఫీసుకి పిలిపించుకున్నారు. గంధంవలస కంట్రోల్ రూములో ఒక ఖాళీ ఏర్పడింది. ఖాళీల జాబితా చూసేది వేరే విభాగం. సహానుభూతి సర్క్యులర్లు వాళ్ళ దాకా ఇంకా చేరలేదు. తీసెయ్యాల్సిన ఆపరేటరు ఒకడు, నింపాల్సిన ఆపరేటరు ఖాళీ ఒకటి. "శిక్షాపూర్వకముగా" అని పైన రాసి, కొర్లయ్యని కంట్రోల్ రూముకి బదిలీ చేశారు. కింద చిదంబరం గారి సంతకం ఉంది. ఆ కాగితాన్ని నేను మూడుసార్లు చదివి, తలుపు వేసుకుని, ఒక్కణ్ణే పిచ్చివాడిలా నవ్వాను.

వెళ్ళే రోజు హిమతేజ కుర్చీ మీది దుమ్ము తనే తుడిచాడు. "ఏఈ గారూ, అక్కడ నేనేం నేర్పాలంటారు?" అని అడిగాడు. మనిషి బాగా చిక్కిపోయాడు. "నీకు తెలుసు కదయ్యా" అన్నాను. తలూపాడు. సంచిలోంచి కొత్త పలక ఒకటి సగం బయటికి తీసి చూపించి మళ్ళీ పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున్న కొర్లయ్య వచ్చాడు. గోడ మీద నవ్వు ముఖం వంక ఒకసారి చూశాడు గానీ దాన్ని ముట్టుకోలేదు. పలక హ్యాండిల్ దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. తొమ్మిదింటికి ఫోన్ మోగింది, నాలుగు పేర్లు పలక మీదికి ఎక్కాయి. పదకొండున్నరకి మళ్ళీ మోగింది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను.

"ఎంతమంది దిగేరు? పేర్లు సెప్పు."

లక్ష్మునాయుడు. పోలయ్య. అప్పన్న. గవరయ్య. నాలుగో పేరు బొటనవేలితో చెరిపాక, "సరే" అన్నాడు. పలక తీశాడు, హ్యాండిల్ తిప్పాడు.

ఆ రోజు సాయంత్రంలోగా లాగ్ షీట్ హెడ్డాఫీసుకి పంపాలి. ఉద్వేగం గడి ఖాళీగా ఉంటే అభ్యంతరం రాస్తారు. ఇక ఆ గడి నేనే నింపుదామని పెన్ను తీసుకుని అతని పక్కన కూర్చున్నాను.

"కొర్లయ్యా, ఇక్కడ నీ గురించి ఏదో ఒకటి రాయాలి. ఏం రాయమంటావు?"

కొర్లయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని ఆ గడి వంక చూశాడు.

"నలుగురూ దిగేరని రాయండి బాబూ" అన్నాడు.